‘పురానా మందిర్’: లేచిన హంతకునకు తెలుగు పేరు

1984లో వెలువడిన ‘పురానా మందిర్’ రామ్‌సే సోదరులు అల్పవ్యయమున తీర్చిన హిందీ భయానక చిత్రము. ఇందు సామ్రీ యను క్రూరహంతకునకు రాజు శిరశ్ఛేదము విధించును. తల పెట్టెలో బంధింపబడును, మొండెము గుడి వెనుక పూడ్చబడును. రాజవంశపు ఆడుబిడ్డలు ప్రసవమున మరణింతురని వాడు శపించును. రెండువందల యేండ్లకు తలయు మొండెమును కలియగా వాడు లేచును.

వీనిని తెలుగున నేమనవలెను? ప్రేతమునకు స్థూలదేహము లేదు. బేతాళుడు పరుల శవము నాశ్రయించువాడు. పునర్జన్మ యనరాదు, మాతృగర్భము లేదు గదా! దయ్యమనుట వాడుకకు చాలును, నిఘంటువునకు చాలదు. సామ్రీ తన దేహముతోనే, తన పగతోనే లేచినవాడు. ‘పునరుజ్జీవితుడు’ అను మాటకు శుభార్థచ్ఛాయ కలదు; వరమున బ్రతికినవానికే యది తగును. ఇచ్చట ‘లేచిన పీనుగు’ అను నాటుపలుకే సంస్కృతపదములకన్న సరిగా నతుకుచున్నది.