ముందుగాల కరెంట్ ఉన్నదా చూడు

ఈసారి పత్రికకు కవిత రాద్దామనుకున్నా. కానీ ఈ సెమిస్టర్ అంతా నా చెవుల్లో ఒక బజర్ మోగుతూనే ఉంది. అందుకే కవిత వదిలేసి పాఠం రాస్తున్నా: సర్క్యూట్ పని చేయకపోతే ఏం చేయాలి? నాది కంప్యూటర్ సైన్స్. సర్క్యూట్లు నా సబ్జెక్ట్ కాదు. కాబట్టి ఇందులో ఉన్నవన్నీ కొత్తగా మొదలుపెట్టిన ఎవరైనా చేసే తప్పులే. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగులో తప్పులుంటే సర్దుకుపోండి.

మా ఇల్లు హుజూరాబాద్‌లో. మిద్దె మీద నీళ్ల ట్యాంక్. మోటార్ వేశాక ట్యాంక్ నిండిందో లేదో చూడటానికి బాపు రోజూ మెట్లెక్కుతాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. "నేను మెషీన్ చేసి పెడతా, నువ్వు ఎక్కుడు బంద్ చెయ్ బాపూ" అని మాటిచ్చా.

సామాను చాలా సింపుల్. ఒక ఫ్లోట్ స్విచ్, ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, ఒక బజర్, పాత ఫోన్ ఛార్జర్. నీళ్లు పైదాకా వస్తే ఫ్లోట్ లేస్తుంది, స్విచ్ కలుస్తుంది, కింద వంటింట్లో బజర్ మోగుతుంది. హాస్టల్‌లో బకెట్‌లో పెట్టి చూస్తే మస్తు పని చేసింది. రూమ్మేట్స్ చప్పట్లు కూడా కొట్టారు.

ఇంటికి తెచ్చి బిగించా. బోర్డు వంటింట్లో, ఫ్లోట్ మిద్దె మీద, మధ్యలో పన్నెండు మీటర్ల వైరు. మోటార్ వేయగానే బజర్ మోగింది. పైకెక్కి చూస్తే ట్యాంక్ సగం కూడా లేదు. ఆ రాత్రి రెండు గంటలకు మళ్లీ మోగింది. మూడో రాత్రి బాపు లేచి ఛార్జర్ పీకేశాడు. "తియ్ బిడ్డా, రేపటి సంది నేనే ఎక్కుత" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నేను చేసిన మూడు పనులు

మొదట కోడ్ మార్చా. మూడుసార్లు తిరగరాశా. సీఎస్ వాళ్ల జబ్బు ఇది, ఏ తప్పైనా కోడ్‌లోనే ఉందనిపిస్తుంది. తర్వాత కొత్త ఫ్లోట్ కొన్నా. అదీ కాకపోతే ఫ్రెండ్ దగ్గర ఇంకో బోర్డు తెచ్చా. పైసలు పోయాయి, సెలవులు పోయాయి, బజర్ మాత్రం మోగుతూనే ఉంది.

చివరికి ఈసీఈ సీనియర్‌కు ఫోన్ చేసి, "అన్నా, నా ప్రాజెక్ట్ పని చేస్తలేదు" అన్నా. ఆయన అడిగింది ఒకటే: "స్విచ్ తెరిచి ఉన్నప్పుడు ఆ పిన్ మీద ఎన్ని వోల్టులు ఉన్నయ్?"

నా దగ్గర జవాబు లేదు. మల్టీమీటర్ సంచిలోనే ఉంది. పది రోజుల్లో ఒక్కసారి కూడా బయటికి తీయలేదు.

అసలు సంగతి

తీసి కొలిచా. సున్నా ఉండాల్సిన చోట అంకె నిలవడం లేదు. ఒకసారి సున్నా దగ్గర, ఒకసారి రెండు వోల్టుల పైన.

ఎందుకంటే, స్విచ్ ఒక కొసను 5 వోల్టులకు, ఇంకో కొసను పిన్‌కు కలిపా. స్విచ్ మూసుకుంటే పిన్‌కు 5 వోల్టులు వస్తాయి, బాగానే ఉంది. తెరుచుకుంటే? పిన్ దేనికీ కలిసి లేదు, గాలిలో ఉంది. దీన్నే ఫ్లోటింగ్ పిన్ అంటారు. ఆ పిన్ లోపలికి కరెంట్ దాదాపు తీసుకోదు, అందుకే పక్కనుంచి వచ్చే చిన్న అలజడి కూడా దానికి సిగ్నల్ లాగే కనిపిస్తుంది. నా పన్నెండు మీటర్ల వైరు మోటార్ వైరు పక్కనే పోతోంది. అంటే నేను ట్యాంక్ అలారం కట్టలేదు, యాంటెన్నా కట్టా. హాస్టల్‌లో వైరు పొట్టిది కాబట్టి అదృష్టం కొద్దీ నడిచింది.

మందు ఏంటంటే, పిన్‌కు, గ్రౌండ్‌కు మధ్య ఒక 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్. స్విచ్ తెరిచి ఉంటే అది పిన్‌ను సున్నాకు లాగి పట్టుకుంటుంది. మూసుకుంటే దాని గుండా పోయేది 5 ÷ 4700, అంటే సుమారు 1 మిల్లీ ఆంపియర్, దానితో నష్టం లేదు. దీన్ని పుల్‌డౌన్ అంటారు. పిన్‌ను 5 వోల్టుల వైపు లాగితే పుల్‌అప్. ఊనో బోర్డులోని చిప్ లోపల పుల్‌అప్ ముందే ఉంటుంది, కానీ అది 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. టేబుల్ మీద బటన్‌కు సరిపోతుంది, పొడుగు వైరుకు దాని పట్టు చాలదు.

రెసిస్టర్‌తో పాటు మోటార్ వైరును, నా వైరును దూరం చేశా. స్విచ్ వరుసగా రెండు సెకన్లు మూసి ఉంటేనే మోగేలా కోడ్ మార్చా. ఈసారి ఎందుకు మారుస్తున్నానో తెలిసి మార్చా.

చూడాల్సిన వరుస

నా అనుభవంలో తేలిన వరుస ఇది.

1. పవర్. బోర్డు మీద 5 వోల్టులు నిజంగా ఉన్నాయా? మోటారో రిలేనో పని చేసేటప్పుడు కూడా ఉన్నాయా? చదరం 9 వోల్టుల బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 9 చూపిస్తుంది, మోటార్ తగిలిస్తే పడిపోతుంది. కొన్ని బ్రెడ్‌బోర్డులలో పవర్ గీత మధ్యలో తెగి ఉంటుంది, అదీ చూడండి.

2. గ్రౌండ్. రెండు పవర్ సప్లైలు వాడితే రెండింటి గ్రౌండ్ కలిపారా? కలపకపోతే ఒకదాని 5 వోల్టులు ఇంకోదానికి అర్థం కావు.

3. ఇన్‌పుట్. పిన్ గాలిలో ఉందా? 3.3 వోల్టుల బోర్డుకు 5 వోల్టుల సెన్సర్ నేరుగా ఇచ్చారా? ఈఎస్‌పీ32 లాంటివి అలా ఇస్తే పాడవుతాయి.

4. అవుట్‌పుట్. పిన్ మోయలేని బరువు పెట్టారా? ఊనో పిన్ నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకోవడం క్షేమం. మనం వాడే చిన్న నీలం రిలేకు కాయిల్ సుమారు 70 ఓమ్‌లు, అంటే 71 మిల్లీ ఆంపియర్లు కావాలి. అందుకే మధ్యలో ట్రాన్సిస్టర్, కాయిల్‌కు అడ్డంగా డయోడ్. ఎల్‌ఈడీకి రెసిస్టర్ లేకుండా ఇవ్వకండి. ఎరుపు ఎల్‌ఈడీకి 220 ఓమ్‌లు పెడితే సుమారు 14 మిల్లీ ఆంపియర్లు వస్తాయి.

5. కోడ్. చివరికి. అప్‌లోడ్ కాకపోతే ముందు కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి. సీరియల్ మానిటర్‌లో పిచ్చి అక్షరాలు వస్తే రెండు వైపులా బాడ్ రేట్ ఒకటేనా చూడండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. నాలుగు కలిపి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

ఇంకో మాట: ఇంటి 230 వోల్టుల జోలికి మనం పోవద్దు. అది ఎలక్ట్రీషియన్ పని. నా అలారం మోటార్‌ను ఆపదు, మోగుతుంది అంతే.

అడగడం కూడా వస్తేనే

"పని చేస్తలేదు" అనేది ప్రశ్న కాదు, ఏడుపు. ఏం జరగాలనుకున్నానో, ఏం జరుగుతోందో, ఎక్కడ ఎంత కొలిచానో, వైర్లు ఎట్లా కలిపానో కాగితం మీద గీసిన బొమ్మ, మొత్తం కోడ్. ఈ ఐదు పెట్టి అడిగితే ఏ సీనియరైనా జవాబిస్తాడు. సగంసార్లు ఈ ఐదు రాస్తుండగానే జవాబు మనకే దొరుకుతుంది.

బాపు చెప్పింది

బాగయ్యాక ఇదంతా బాపుకు గొప్పగా వివరించా. ఆయన నవ్వాడు. "బాయికాడ మోటర్ నడవకుంటే మేం ముందుగాల ఏం జేస్తం? టెస్ట్ ల్యాంప్ వెట్టి మూడు ఫేజులు వస్తున్నయా చూస్తం. కరెంట్ జూడకుండ మోటర్ ఇప్పుతమా?"

పది రోజులు నేను చేసింది అదే. కరెంట్ చూడకుండా మోటార్ విప్పడం.

తర్వాత ఆటో స్టార్టర్ల సంగతి చెప్పాడు. వ్యవసాయానికి కరెంట్ ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి పాములు, తేళ్ల మధ్య పొలానికి పోలేక రైతులు అవి పెట్టుకున్నారు. కరెంట్ రాగానే మోటార్ దానంతటదే నడుస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంట్ వచ్చింది. అప్పుడు అవే ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పారు. కరెంట్ పోకపోతే మోటారూ ఆగదు, భూమిలో నీళ్లు అడుగంటుతాయి. ఆ పెట్టెలో లోపం లేదు. అది చూసేది కరెంట్‌ను, పొలానికి నీళ్లు చాలాయా అన్నది కాదు. కొలవడం ఎంత ముఖ్యమో, ఏది కొలవాలో తెలియడం కూడా అంతే ముఖ్యమని నాకు అక్కడ అర్థమైంది.

ఇప్పుడు అలారం సరిగ్గానే మోగుతోంది. మొదటి వారం బజర్ మోగినా బాపు పైకెక్కి చూసి వచ్చేవాడు. నేనేం అనలేదు. ఆయన కూడా కొలుస్తున్నాడు, నా మాటను. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే అవ్వ చెప్పింది, నాలుగు రోజుల నుంచి ఎక్కడం లేదట.