కొట్టివేతలు, దిద్దుబాట్లు

సంచికకు "నలుగురికీ పనికొచ్చేది" ఏదైనా రాయమని సంఘ కార్యదర్శి పట్టుబట్టాడు. న్యాయశాస్త్ర విద్యార్థి చేతికి కలమిస్తే రాలేవి సెక్షన్లే. అంతకుముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

1994లో మా నాన్నగారు ఎకరం ముప్ఫై సెంట్ల మెట్ట పొలం కొన్నారు. దస్తావేజు లేఖరి ముత్యాల్లాంటి అక్షరాలతో క్రయ దస్తావేజు రాశాడు. విస్తీర్ణం సరే, హద్దులు సరే. సర్వే నంబరు మాత్రం 134కు బదులు 143 పడింది. పాతికేళ్ళు ఆ కాగితం బీరువాలో నిద్రపోయింది. 2019లో చెల్లెలి పైచదువుకు అప్పు కోసం బ్యాంకుకు తీసుకెళితే వాళ్ళ వకీలు ఇట్టే పట్టుకున్నాడు. కాగితం లెక్కన మేం కొన్నది చెరువు అవతల, మరెవరిదో పొలం! అమ్మినాయన పోయి అప్పటికే ఆరేళ్ళు.

నాన్నగారి స్నేహితుడొకాయన, "ఇంతోటిదానికి ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకోయ్? అదే రంగు సిరాతో అంకెలు దిద్దేస్తే పోలా!" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ సబబుగానే తోచింది. నాన్నగారే వద్దన్నారు, భయం కొద్దీ. ఆ భయంలో ఎంత న్యాయముందో తర్వాత చదువులో తెలిసింది.

రిజిస్టరయిన దస్తావేజు మన బీరువాలో ఉన్నదొక్కటే కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజు సబ్‌రిజిస్ట్రారు దగ్గర ఒకటో పుస్తకంలో కూడా నమోదై ఉంటుంది. మన కాగితం దిద్దితే ఆ పుస్తకం దిద్దుకోదు. రెంటినీ పక్కపక్కన పెట్టిన రోజున పొరపాటు కాస్తా ఫోర్జరీ అవుతుంది. రిజిస్ట్రేషనుకు ముందయినా ఇష్టం వచ్చినట్టు దిద్దడానికి లేదు. వరుసల మధ్య ఇరికించిన మాటలు, ఖాళీలు, కొట్టివేతలు ఉన్నచోట రాసిచ్చినవాళ్ళు సంతకమో పొడి సంతకమో చేయకపోతే అధికారి తిరస్కరించవచ్చునంటుంది 20వ సెక్షను.

నన్ను బాగా ఆకట్టుకున్నది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 15వ సెక్షను. నమోదులో తప్పుందని రుజువైతే రిజిస్ట్రారు దాన్ని చెరపడు, మార్చడు. అంచున సవరణ రాసి, సంతకం చేసి, తేదీ వేస్తాడు. తప్పు ఉన్నచోటే ఉంటుంది, ఒప్పు దాని పక్కన నిలబడుతుంది. ఎవరు, ఎప్పుడు సరిచేశారో రేపు చూసేవాడికి తెలుస్తుందన్నమాట. తీర్పులో పడ్డ రాతతప్పు, కూడిక తప్పు ఆ కోర్టే ఎప్పుడైనా సరిచేయవచ్చు (సివిల్ ప్రొసీజర్ కోడ్, 152). తీర్పే తప్పంటే ఆ దారి వేరు.

పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టినతేదీ తప్పుపడ్డ మిత్రులకు ఒక మాట. ఇప్పుడే కదలండి. పదవీ విరమణ ముంగిట్లో తేదీ మార్చమని వచ్చిన ఉద్యోగులను సుప్రీంకోర్టు పదేపదే వెనక్కి పంపింది.

మా విషయానికొస్తే, కావలసింది సవరణ దస్తావేజు. పాతదాని నంబరు, సంవత్సరం చెప్పి, ఏది పడింది, ఏది పడాలి అని రాసి, మొదటి ఇరుపక్షాలూ సంతకం చేయాలి. మనిషి పోతే వారసులందరూ చేయాలి. ఈ పేరున ఇంకో పది సెంట్లు కలుపుకుందామంటే కుదరదు సుమా, అది కొత్త అమ్మకం కిందికొస్తుంది. వారసులు కాదంటే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షను కింద దావా వేసి, అది ఉభయుల పొరపాటేనని రుజువు చేసుకోవాలి.

మాకు దావా తప్పదనే అనిపించింది. పెద్దకొడుకు, "ఇప్పుడు అక్కడ ధరెంతో తెలుసా బాబాయ్?" అని ఊరుకున్నాడు. నాన్నగారు వాదించలేదు. దస్తావేజు తీసి హద్దులు చదివారు. తూర్పు హద్దు వాళ్ళ పొలమే. పాతికేళ్ళు ఆ గట్టుకు ఇవతల మేము, అవతల అతను దున్నుకున్నాం. అతను చాలాసేపు నేల చూపులు చూసి, "చెల్లి కూడా రావాలిగా, కబురుపెడతాలే" అన్నాడు.

ఆ అక్క అత్తవారి ఊరినుంచి రెండు బస్సులు మారి వచ్చింది. తల్లి వేలిముద్ర వేసింది, అన్నదమ్ములిద్దరూ సంతకాలు చేశారు. తన వంతు అయ్యాక పాత దస్తావేజు ఒకసారి ఇమ్మని అడిగింది. తండ్రి సంతకం మీద వేలు పెట్టి, "నాన్న ఇలా రాసేవాడా!" అంది.

ఈ తిరుగుళ్ళన్నీ అయ్యేసరికి చెల్లెలి అడ్మిషన్ గడువు దాటిపోయింది. మరుసటి ఏడు చేరింది. పాత కాగితం మీద 143 అలాగే ఉంది. కొత్తది దానికే కుట్టి బీరువాలో పెట్టాం.