పాత కంప్యూటరు – లెక్కల రెండవ ప్రతి

ఆత్రేయపురము గోదావరి గట్టు చెంతనున్న గ్రామము. 1986 ఆగస్టు వరదను, 2022 జూలై వరదను ఎరిగినవారికి తడిసిన దస్తరముల గతిని చెప్పనక్కరలేదు. కంప్యూటరులోని హార్డు డిస్కు వరద రాకయే చెడిపోవచ్చును. కావున ఇంటిపన్ను లెక్కలకు, జనన మరణముల పట్టికలకు వేరొక ప్రతి యుండవలెను.

యంత్రము పాతదైనంత మాత్రమున పారవేయనేల? తొలినాటి యు.ఎస్.బి. పోర్టు సెకనుకు 12 మెగాబిట్లకు మించి పంపజాలదు. ఒక్క పెన్ డ్రైవు నింపుటకే పూట గడచును. లోపల పి.సి.ఐ. స్లాటు ఖాళీగా నున్నచో, అందు యు.ఎస్.బి. 2.0 కార్డు నమర్చిన ఆ హద్దు 480 మెగాబిట్లకు పెరుగును. అమర్చుటకు ముందు కరెంటు తీగను ఊడదీయవలెను. విండోస్ 98 గల యంత్రమునకు తగిన డ్రైవరును కార్డుతోపాటే అడిగి తీసికొనుడు.

ప్రతి తీసిన డిస్కును కంప్యూటరు ప్రక్క బల్లలోనే దాచువారు పెక్కురు. నీరు వచ్చిన రెండును కలిసియే మునుగును. దానిని మెరకనున్న వేరొక కార్యాలయమున, తాళము క్రింద నుంచి, ఆరు నెలల కొకసారి మరియొక యంత్రముపై తెరచి చూడవలెను.