ఫిల్మ్‌నగర్‌లో పని: హీరో కాదలచుకోని వారికి

మన హాస్టల్ నుంచి ఏటా ఒకరిద్దరు ఇంటర్ పరీక్షలు కాగానే సినిమా ఆశతో హైదరాబాద్ బస్సెక్కుతారు. మేమూ అలా వచ్చినవాళ్ళమే కాబట్టి వద్దని చెప్పలేం. అయితే మనకు తెలిసిన సినిమా ఉద్యోగాలు రెండే: హీరో, డైరెక్టర్. పరిశ్రమ మాత్రం 24 శాఖలది. లైట్లు, సెట్లు, దుస్తులు, మేకప్, కూర్పు, శబ్దం, ప్రొడక్షన్ లెక్కలు... మనవాళ్ళకు దొరికే పని ఎక్కువగా వీటిలోనే.

1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించేనాటికి అదంతా రాళ్ళగుట్ట. ఇప్పుడు కొండ మీద స్టూడియోలు, కింద కృష్ణానగర్‌లో మనలాంటి వాళ్ళ అద్దె గదులు. తెల్లవారకముందే యూనిట్ బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి. షూటింగ్ ఉంటేనే కూలి. 2020లో కరోనా వచ్చి షూటింగులు ఆగిపోతే, చిరంజీవి గారు ముందుండి నడిపిన సహాయ నిధి నుంచి కార్మికుల ఇళ్ళకు సరుకులు వెళ్ళాయి. నెల జీతం లేని ఉద్యోగం ఎలా ఉంటుందో అప్పుడు అందరికీ తెలిసింది.

2025 ఆగస్టు 4న ఫిల్మ్ ఫెడరేషన్ కార్మికులు 30 శాతం కూలి పెంపు కోరుతూ సమ్మెకు దిగారు. 18 రోజులు షూటింగులు నిలిచాయి. చివరికి మూడేళ్ళలో 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. రోజుకు 2,000 లోపు తీసుకునేవారికి మొదటి ఏడాది 15, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5 శాతం. అంటే 1,000 రూపాయల కూలి మొదటి ఏడాది 1,150 అయింది. ఆ 150 ఒక్కడు అడిగితే వచ్చేది కాదు. అందుకే మీరు ఏ శాఖలో అడుగుపెట్టినా ముందు ఆ యూనియన్ కార్డు ఎలా వస్తుందో, సభ్యత్వానికి ఎంతవుతుందో యూనియన్ ఆఫీసులోనే అడగండి, మధ్యవర్తిని కాదు.

ఇక పని మారే సంగతి. ఫిల్ము రీళ్ళ కాలంలో నెగెటివ్ కటింగ్ గొప్ప విద్య. చెయ్యి వణికితే షాటే పోతుంది. 2010 తర్వాత కొద్ది ఏళ్ళలోనే డిజిటల్ కెమెరాలు వచ్చి ఆ విద్యకు పని లేకుండా పోయింది. కంప్యూటర్‌పై రంగులు సరిచేయడం నేర్చుకున్నవారు నిలబడ్డారు. గ్రాఫిక్స్‌లోనూ ఇప్పుడు అదే జరుగుతోంది. 2012లో వచ్చిన ‘ఈగ’ గ్రాఫిక్స్‌కు జాతీయ అవార్డు అందుకున్న మకుట మన హైదరాబాద్ సంస్థే. ఈ రంగంలో కొత్తవారికి మొదట ఇచ్చేది రోటో పని: బొమ్మ అంచుల వెంట గీత గీయడం. సెకనుకు 24 ఫ్రేములు, అంటే అయిదు సెకన్ల షాటుకు 120 ఫ్రేములు. ఈ పనిలో చాలా భాగం ఇప్పుడు కృత్రిమ మేధ చేస్తోంది. రోటోతో మొదలుపెట్టండి, అక్కడే ఆగకండి. రెండో ఏడాదికల్లా కంపోజిటింగ్ రాకపోతే ఇబ్బందే.

మాలో ఒకరు ఒక చిన్న ఆఫీసులో మూడు నెలలు రాత్రింబవళ్ళు పనిచేస్తే ఒక నెల జీతమే చేతికొచ్చింది. కాగితం లేదు, అంతా నోటిమాట. సినీ కార్మికులను రాతపూర్వక ఒప్పందంతోనే పనిలో పెట్టుకోవాలని 1981లోనే చట్టం చేశారు. ఆ సంగతి అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేనివాళ్ళం కదా, ఆ రెండు నెలలు ఎలా గడిచాయో రాయడం అనవసరం. చెల్లెళ్ళు ఇంకొకటి కూడా అడగాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపులపై ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో చేరేముందే కనుక్కోండి.

చదువుకు దారులున్నాయి. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్, ఫొటోగ్రఫీ డిగ్రీలకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. స్కాలర్‌షిప్ వర్తిస్తుందో లేదో ముందే అడగండి. ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ చేసినవారికి లైట్ల శాఖ, బి.కాం. చదివి జి.ఎస్.టి. తెలిసినవారికి ప్రొడక్షన్ అకౌంట్స్ అక్కరకొస్తాయి. అవకాశం ఇప్పిస్తామని ముందే డబ్బడిగేవారికి మాత్రం రూపాయి ఇవ్వకండి.

పనిలో పడి డిగ్రీ ఆగిపోయినవారికి అదే జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో పెట్టారు, దేశంలో అలాంటి విశ్వవిద్యాలయాల్లో మొదటిది అదే. మా గదిలో ముగ్గురం అక్కడే చదివాం, షూటింగ్ లేని రోజుల్లో. వేసవి సెలవుల్లో చూడాలనుకున్నవారు వార్డెన్ గారి దగ్గర మా నంబరు తీసుకుని రండి. చాప, దుప్పటి మీరు తెచ్చుకోవాలి. పొద్దున నాలుగున్నరకు లేపుతాం.