మ్యాప్ ఎర్రబడగానే ఎడారి అనేయకండి

డిగ్రీ చేతికొచ్చి జీఐఎస్ ఉద్యోగం వెతుక్కుంటున్న కోటబొమ్మాళి, టెక్కలి, పలాస పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

ఉపగ్రహ చిత్రాలతో ఎడారీకరణను కనిపెట్టే రంగంలో చెయ్యాల్సిన పని బోలెడుంది. ఇస్రో అట్లాస్ లెక్కన 2018-19 నాటికి దేశంలో 9.785 కోట్ల హెక్టార్ల నేల క్షీణించింది. అంటే భూభాగంలో 29.77 శాతం. మన రాష్ట్రంలోనైతే అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు చూడండి. వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల్లో మేటలు వేస్తోంది. మన పలాస వైపు ఉద్దానం సంగతి వేరు. ఇసుక నేలే గానీ వానలు పడే తీరం. అయినా పని నేర్చుకోవడానికి ముందు ఉద్దానాన్నే పట్టుకోండి. ఇక్కడ పచ్చదనం ఎందుకు తగ్గిందో అడిగితే తోట యజమానే చెబుతాడు. మీ మ్యాప్ తప్పో ఒప్పో ఆ పూటే తేలిపోతుంది.

ఏం తీసుకోవాలి?
సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, పిక్సెల్ 10 మీటర్లు. 2015కు ముందు సంగతి కావాలంటే ల్యాండ్‌శాట్, 30 మీటర్లు. క్యూజీఐఎస్ కూడా ఉచితమే. చిత్రాలన్నీ ఒకే కాలానివి ఉండాలి: జనవరికి జనవరి. పచ్చదనం కొలవడానికి ఎన్‌డీవీఐ సరిపోతుంది గానీ, చెట్లు పలచగా ఉన్న ఇసుకలో నేల మెరుపు లెక్కను చెడగొడుతుంది. అక్కడ ఆ మెరుపును సరిచేసే సావీ (SAVI) సూచీ వాడండి.

ఎక్కడ బోల్తా పడతారు?
2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. మెటాడేటాలో ప్రాసెసింగ్ బేస్‌లైన్ 04.00 గానీ, ఆపైన గానీ ఉంటే ఆ వెయ్యి తీసేయాలి. మరిచిపోతే ఏమవుతుంది? అసలు విలువలు ఎరుపు బ్యాండులో 1500, పరారుణ బ్యాండులో 3000 ఉన్న తోట ఎన్‌డీవీఐ 0.33. వెయ్యి తియ్యకపోతే అదే తోట 0.23 చూపిస్తుంది. చెట్టు చెక్కుచెదరలేదు, మీ రిపోర్టులో మాత్రం ఎండిపోయింది!

ఎందుకు తగ్గింది?
ఉద్యోగంలో మీ విలువ తేలేది ఇక్కడే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. 2018, 2019 జనవరి చిత్రాలు పక్కపక్కన పెడితే ఆ దెబ్బ కనిపిస్తుంది. అది తుపాను నష్టం, ఎడారీకరణ కాదు. సరుగుడు తోట నరికితే ఆ నేల ముక్క మొత్తం ఒక్కసారిగా బోడిగా కనిపిస్తుంది. గింజలు ఏరడానికి జీడిచెట్ల కింద తుప్పలు కొట్టేస్తే ఇసుక మెరుస్తుంది. ఇవేవీ నేల చచ్చిపోయిందనడానికి గుర్తులు కావు. ఏళ్లు గడిచినా పచ్చదనం తిరిగి రాకుండా, ఇసుక అంచు పక్క పొలంలోకి జరుగుతూ పోతే, అప్పుడు అనుమానించండి.

ఇంటర్వ్యూకు ఏం పట్టుకెళ్లాలి?
డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోండి. దాంతోపాటు ఒక్క పేజీ చాలు: ఉద్దానం మ్యాపు, మీరు వెళ్లి చూసిన మూడు చోట్ల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద తేదీ, అక్షాంశ రేఖాంశాలు, పచ్చదనం తగ్గిన కారణం. కారణం తెలియని చోట ‘తెలియదు’ అనే రాయండి. మీ మ్యాప్ చూసి డబ్బు ఖర్చుపెట్టే శాఖకు ఆ మాట కూడా అవసరమే.