నిదానానికి నిదానం: అంతర్జాలంలో ఆలస్యం

హిందీ నుండి తెలుగులోకి అనువదించేవారిని తడబాటుకు గురిచేసే మాటలలో "నిదానం" ఒకటి. హిందీలో దానికి రోగకారణాన్ని నిర్ణయించడమని అర్థం. తెలుగు వాడుకలో తొందర లేకపోవడమని. ఆయుర్వేద గ్రంథమైన మాధవనిదానం పేరు విన్నవారికి మొదటి అర్థం కూడ కొత్తది కాదు. ఇంటిలో అంతర్జాలం మందగించినప్పుడు మనం రెండవ నిదానాన్ని నిందిస్తూ కూర్చుంటామే గాని, మొదటి నిదానం జోలికి పోము. "నెట్ స్లోగా ఉంది" అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము. ఆ ఒక్క మాట చాటున కనీసం మూడు వేర్వేరు కారణాలున్నవి: తీగ సామర్థ్యం, దారి దూరం, పుట బరువు.

మొదటిది అందరికీ తెలిసినదే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించింది. టెలిఫోను తీగ మీద నాడు ఇళ్లకు లభించిన వేగం సెకనుకు 9,600 బిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. పది లక్షల బైట్ల పుటను (నేడు అది చిన్న పుట క్రిందనే లెక్క) ఆ తీగపై తెప్పించుకోవాలంటే 80 లక్షల బిట్లను 9,600తో భాగించి చూడండి. సుమారు 14 నిమిషాలు పడుతుంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని ప్రభుత్వం 2004లో 256 కిలోబిట్లుగా నిర్ణయించి, 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచింది. ఇంటి దాకా ఇంత వేగమూ వచ్చినా, లోపల వైఫై పెట్టెకూ మనకూ నడుమ రెండు మందపు గోడలుంటే చేతికి దక్కేది తక్కువే. పెట్టెను గూటిలో నుండి తీసి నడిమి గదిలో ఎత్తున ఉంచితే కొన్ని ఇళ్లలో సగం ఫిర్యాదులు తీరిపోతవి.

రెండవ కారణమైన దూరాన్ని గ్రహించడానికి అండమాన్ నికోబార్ దీవులు మంచి ఉదాహరణ. 2011 జనాభా లెక్కలలో అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. కనుక ఆ దీవుల కష్టసుఖాలు మనకు పరాయివి కావు. 2020 వరకు ఆ దీవులు ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడినవి. ఆ ఉపగ్రహం భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే రేడియో తరంగానికి కూడ పైకి పోయి క్రిందికి రావడానికి సెకనులో నాలుగవ వంతు పడుతుంది. మన కోరిక వెళ్లాలి, జవాబు తిరిగి రావాలి. అంటే అర సెకను. ఇదేమంత ఆలస్యమని తోచవచ్చు. కాని ఒక పుట తెరుచుకోవడానికి ఒక్క రాకపోక చాలదు. ముందుగా వెబ్‌సైట్ పేరును బట్టి దాని చిరునామాను వెదకాలి. తరువాత అవతలి యంత్రంతో పలకరింపు. ఆ పైన రహస్య సంకేతాల ఒప్పందం. అప్పటికి గాని అసలు పుటను అడగడం కుదరదు. నాలుగు రాకపోకలంటే, మొదటి అక్షరం కనిపించక ముందే రెండు సెకన్లు గడిచిపోతవి. ఉపగ్రహం నుండి ఎంత ఎక్కువ సామర్థ్యం కొన్నా ఈ రెండు సెకన్లు తగ్గవు. వెడల్పాటి రోడ్డు వేసినంత మాత్రాన ఊరు దగ్గరకు జరగదు గదా!

2020 ఆగస్టు 10న చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుండి శ్రీ విజయపురం), అక్కడి నుండి కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ మొదలైన దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ తీగ ప్రారంభమైంది. గాజు తంతువులో కాంతి వేగం సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లకు తగ్గుతుంది. అయినా చెన్నై అక్కడికి సుమారు 1,370 కిలోమీటర్లే కనుక, రాకపోకకు పట్టే కాలం అర సెకను నుండి సెకనులో వందవ వంతుకు కొద్దిగా పైబడిన స్థాయికి వచ్చింది. లక్షద్వీపానికి ఇటువంటి తీగే కొచ్చి నుండి 2024 జనవరిలో అందింది.

దూరమంటే పటంలో కనిపించే దూరమే కాదు. హైదరాబాదులో ఒకే వీధిలో ఇద్దరు వేర్వేరు సంస్థల వద్ద కనెక్షన్ తీసుకున్నారనుకోండి. ఆ సంస్థల తీగలు మన దేశంలో ఎక్కడా కలుసుకోకపోతే, ఎదురింటికి వ్రాసిన ఉత్తరం విదేశానికి పోయి తిరిగి రావలసి ఉంటుంది. ఒకప్పుడు జరిగినదదే. ఈ వృథా ప్రయాణాన్ని తప్పించడానికే 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్‌ఛేంజ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. దేశంలోని సంస్థలు దేశంలోనే కలుసుకొని సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడం దాని పని.

ఇక పుట బరువు. తీగ వేసేవారి బాధ్యత తీరిన చోట పుట తయారుచేసేవారి బాధ్యత మొదలవుతుంది. దీనిని గురించే మనం తక్కువగా మాట్లాడుకుంటామని నా అభిప్రాయం. పెద్ద నగరంలో వేగవంతమైన తీగ పక్కన కూర్చొని పుటను రూపొందించేవారికి దాని బరువు తెలియదు. ఫోనుతో తీసిన 40 లక్షల బైట్ల ఫోటోను కుదించకుండా అలాగే పెడతారు; తెర మీద అగ్గిపెట్టెంత కనిపించే ఆ బొమ్మకు లక్ష బైట్లు చాలును. పరీక్ష దరఖాస్తుకు చివరి రోజున మారుమూల దీవిలోనో, ఏజెన్సీ గ్రామంలోనో ఒక విద్యార్థి ఆ పుట కోసం ఎదురుచూస్తాడు. వివరాలన్నీ నింపి పంపేలోగా గడువు దాటిందని యంత్రం అతనిని బయటకు నెడుతుంది. మళ్లీ మొదటి నుండి నింపాలి.

తెలుగు లిపి బరువెక్కువ కదా అని కొందరంటారు. కొంత నిజమే. యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలితే, తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, చివరకు వత్తు కోసం వాడే పొల్లుకూ మూడేసి బైట్లు కావాలి. కాని బొమ్మల ముందు ఇది లెక్కలోనిది కాదు. నా అనుభవమే చెబుతాను. ఒక కార్యాలయం కోసం నేను హిందీ నుండి అనువదించిన దరఖాస్తు ప్రకటన రెండు వేల గుర్తులకు మించలేదు. అంటే ఆరు వేల బైట్లు. సెకనుకు 512 కిలోబిట్ల తీగపై అది సెకనులో పదవ వంతుకే చేరుతుంది. వారు దానిని అచ్చు తీసి, ముద్ర వేసి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి, 30 లక్షల బైట్ల బొమ్మగా వెబ్‌సైట్‌లో పెట్టారు. అదే తీగపై అది చేరడానికి 47 సెకన్లు. పైగా బొమ్మలోని మాటలు వెదికితే దొరకవు; చూపు లేనివారికి చదివి వినిపించే సాధనం ఆ బొమ్మ దగ్గర మూగబోతుంది. ముద్ర లేకపోతే ప్రకటన చెల్లదేమోనని వారి సందేహం. బొమ్మతోబాటు అక్షరాల రూపాన్ని కూడ ఉంచమని వ్రాశాను. మూడు వారాల తరువాత ఉంచారు. అప్పటికి దరఖాస్తు గడువు ముగిసి నాలుగు రోజులయింది.