ఆమె చూసే మొదటి ఖాకీ

చిరంజీవి అమ్మలూకు,

ఎస్సైగా పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. "అత్యాచారం కేసు వస్తే ఎలా మాట్లాడాలో పెద్దమ్మని అడగాలి" అన్నావట. సెక్షన్లు అకాడమీలో కంఠతా పట్టించే ఉంటారు. స్టేషన్‌లో వాటిని ఎలా ఆచరణలో పెట్టాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

వచ్చినామె ఏడవకపోవచ్చు. "ఇంత నిమ్మళంగా చెబుతోందంటే కట్టుకథే" అని నీ పక్కనే ఎవరో ఒకరు అంటారు. ఆ మాట చెవిన పెట్టకు. ప్రాణభయం కమ్మినప్పుడు ఒళ్లు కొయ్యబారిపోతుంది. అరవాలన్నా గొంతు పెగలదు, చెయ్యి లేవదు. ఆ తర్వాత జ్ఞాపకం కూడా వరసగా రాదు. వాడి చొక్కా వాసన గుర్తుంటుంది, ఎన్ని గంటలకో గుర్తుండదు. ఈరోజు చెప్పనిది నాలుగు రోజులు పోయాక గుర్తొస్తుంది. దాన్ని మాట మార్చడం అనుకోకు. "ఎందుకు అరవలేదు, ఎందుకు వెళ్లావు" అనే ప్రశ్నలు తప్పంతా ఆమెదే అన్నట్టు వినిపిస్తాయి. "మీకు గుర్తున్న దగ్గర్నుంచి చెప్పండమ్మా" అని ఊరుకో. కూలికి పోయే మనిషైనా సరే, "మీరు" అనే పిలువు.

రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. పాత కేసుల భాష మన రైటర్ల చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఆమె నోట రాని మాటలన్నీ స్టేట్‌మెంట్‌లోకి ఎక్కుతాయి. కోర్టులో అవతలి లాయర్ చదివి వినిపిస్తే ఆమే గుర్తుపట్టలేక తెల్లబోతుంది. అందుకే ఆమె మాట ఆమె యాసలోనే రాయించు, చదివి వినిపించు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వడం మరిచిపోకు. పసిపిల్లల దగ్గరికి వెళ్లేటప్పుడు యూనిఫాం వేసుకోవద్దని పోక్సో చట్టమే చెబుతోంది.

పరిధి మాది కాదని మాత్రం ఎవర్నీ తిప్పి పంపకు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక అమ్మాయి హత్యకు గురైన రాత్రి, పరిధి పేరుతో తమను స్టేషన్ల చుట్టూ తిప్పారని కుటుంబం కన్నీళ్లతో చెప్పింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా కేసు కట్టాల్సిందే. ఇలాంటి ఫిర్యాదు రాసుకోని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన కారాగారం. ఇక 1978లో నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళ మీద పోలీసులే అఘాయిత్యం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. హైదరాబాద్ భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కోర్టులో మాత్రం వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. అందుకే ఖాకీని చూసి ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతే మనకు కోపం రాకూడదు.

సమాచారం అందిన 24 గంటల్లోగా వైద్యపరీక్ష చేయించాలి, అదీ ఆమె ఒప్పుకుంటేనే. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చెయ్యాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి కనుక అక్కడ కాగితాల పేరుతో కాలయాపన జరగనివ్వకు. రెండు వేళ్ల పరీక్ష చేస్తే అది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఇంకా ఏ డాక్టరైనా ఆ మాటెత్తితే గట్టిగా అడ్డుపడు.

కౌన్సెలింగ్ అంటే మనవాళ్లలో చాలామందికి నచ్చజెప్పి ఇంటికి పంపడమే. రాజీ కుదర్చడం కౌన్సెలర్ పని కాదు. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు, భర్త ముఖం తిప్పుకున్నప్పుడు ఆమె పక్కన నిలబడే మనిషి కౌన్సెలర్. జరిగింది పది చోట్ల పదిసార్లు చెప్పుకునే నరకం తప్పించడానికే 2016లో హైదరాబాద్‌లో భరోసా కేంద్రం పెట్టారు. సఖి కేంద్రాలు కూడా అందుకే ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని వెంట ఉంచుకోవాలో ఆమెనే చెప్పనివ్వు. ఆమె ఇష్టం ఏమిటని ఎవరూ అడగకుండా జరిగిన నేరం కదా అది.

ఛార్జిషీటు వేశాక మన ఫైలు మూతపడుతుంది. ఆమెకు అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నిందితుడి తరఫు పెద్దమనుషులు ఇంటికొస్తారు, డబ్బు మాట ఎత్తుతారు, చెల్లెలి పెళ్లి చెడుతుందంటారు. అప్పటికి మన దగ్గర్నుంచి ఫోన్ ఉండదు. సాక్షులు ఎదురు తిరిగారని తర్వాత నిట్టూరుస్తాం. కేసులు చాలావరకు ఓడిపోయేది ఆ నెలల్లోనే అని నా గట్టి నమ్మకం. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు బాధితురాలికి చెప్పాలని చట్టం ఉంది. నువ్వు 90 రోజుల దాకా ఆగకు. ఛార్జిషీటు వేశాక కూడా నెలకోసారైనా ఫోన్ చెయ్యి. నష్టపరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించు. వాయిదాకు ముందు కోర్టు హాలు చూపించు, ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పు.

ఛార్జి తీసుకున్న వారంలోనే మీ సఖి కేంద్రానికి వెళ్లి అక్కడి కౌన్సెలర్‌ను కలువు. మహిళల హెల్ప్‌లైన్ 181, మానసిక ఆరోగ్యానికి 14416, ఈ రెండు నంబర్లూ రిసెప్షన్ బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టించు. రాత్రి డ్యూటీలో మహిళా సిబ్బంది ఎవరుంటారో ఆ రోజే అడిగి తెలుసుకో. ఎవరూ లేరంటే ఊరుకోకు, పై అధికారికి రాతపూర్వకంగా రాయి.

మీ పెద్దమ్మ